గుట్ట మీది పంట: పిట్లం సీమలో సీతాఫలం కోత

పిట్లం, ఎల్లారెడ్డి, గాంధారి వైపు గుట్టల్లో ఏటా భాద్రపదం చివర మొదలై కార్తీకం దాకా ఒక కోత సాగుతుంది. దీనికి దుక్కి లేదు, విత్తనం లేదు, నీళ్లు కట్టే పని అంతకన్నా లేదు. మొరం నేలలో, రాళ్ల సందుల్లో, చెరువు కట్టల వాలుల్లో, పొలాల గట్ల మీద తనంతట తాను మొలిచే సీతాఫలం చెట్టే ఆ పంట. కశ్మీరులోనో అమెరికాలోనో శరదృతువు రాగానే జనం ఆపిల్ తోటలకు కదిలినట్టు, ఇక్కడ హస్త కార్తె పడగానే గంపలు తీసుకుని గుట్ట ఎక్కుతారు. తెలంగాణలో ఆపిల్ అసలే లేదనడానికి వీల్లేదు. ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలం ధనోరాలో వేడిని తట్టుకునే హెచ్‌ఆర్‌ఎంఎన్-99 రకం 2020లో కాపు ఇచ్చింది. కానీ అది ఎండాకాలపు కాపు. శరత్కాలపు పండుగ పండు ఇక్కడ సీతాఫలమే.

ఊరూరా ఈ చెట్టుకు రామాయణంతో చుట్టరికం కలిపారు గానీ, వృక్షశాస్త్రం దాని పుట్టిల్లు ఉష్ణమండల అమెరికా అంటుంది. 16వ శతాబ్దంలో పోర్చుగీసువారి ఓడల్లో పశ్చిమ తీరానికి చేరి, అక్కడి నుంచి దక్కను పీఠభూమి మీదికి పాకిందన్నది ఎక్కువమంది ఒప్పుకునే మాట. దీనికి ఎదురువాదమూ ఉంది. భర్హుత్ స్తూపం శిల్పాల్లో ఈ పండు కనిపిస్తోందని అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ 19వ శతాబ్దంలోనే రాశాడు. ఉత్తరప్రదేశ్‌లోని టోక్వా తవ్వకాల్లో దొరికిన గింజలను కొందరు పురావృక్ష శాస్త్రవేత్తలు దీనివేనని గుర్తించారు. కానీ శిల్పంలోని బొడిపెల కాయ పనస కావచ్చు, తామర కాయ కావచ్చు. అందుకే అమెరికా వాదం ఇప్పటికీ బలంగానే నిలిచి ఉంది. ఎక్కడి నుంచి వచ్చినా, దక్కను గుట్టల్లో అది పరాయి చెట్టులా ఒదిగి ఉండలేదు. మాలిమి అయిన అడవి చెట్టులా నిండిపోయింది.

అలా నిండిపోవడానికి ముఖ్య కారణం మేక. ఆకుల్లోని ఘాటైన వాసన, చేదు వల్ల పశువులు ఈ చెట్టు జోలికి పోవు. మేకల మందలు తిరిగే గుట్ట మీద తుమ్మ లేతకొమ్మ, రేగు చిగురు మిగలవు గానీ సీతాఫలం మిగులుతుంది. అందుకే ఎంత బాగా మేసిన బోడిగుట్ట అయితే అంత దట్టంగా సీతాఫలం కనిపిస్తుంది. ఆ రక్షణే గింజలోనూ ఉంది. గింజలు నూరిన పొడి పేలను చంపుతుంది. అది కంట్లో పడితే చూపుకే ముప్పు. తలకు ఆ పొడి పెట్టేటప్పుడు కళ్లకు గుడ్డ కట్టుకోవాలని పెద్దలు చెప్పేది ఇందుకే.

1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఈ ప్రాంతపు నేలను రెండుగా విడదీసింది. మంజీర నీరు కాలువలకెక్కాక బాన్సువాడ, బోధన్ వైపు వరి, చెరకు మాగాణి పెరిగింది. కాలువ ఎక్కని మెరకలు, గుట్టలు, పడావు భూములు మాత్రం పాత తీరుగానే ఉండిపోయాయి. అవి పట్టా పుస్తకాల్లో విలువలేని నేలలు. పేదవాడికి మాత్రం ఏడాదికి రెండు నెలల రాబడి. కరువు సంవత్సరాల్లో దక్కను పల్లెలను ఈ పండు ఆదుకుందని 19వ శతాబ్దపు ఇంగ్లీషు వృక్షశాస్త్ర గ్రంథాల్లోనూ నమోదైంది. వాన తప్పి జొన్న ఎండిపోయినా, ఈ చెట్టు ఎంతో కొంత కాయక మానదు.

ఇక కోత. ఎండాకాలం చివర కొత్త చిగుళ్లతో పాటు, కిందికి వేలాడే మూడు మందపాటి రేకుల ఆకుపచ్చ పూలు వస్తాయి. పువ్వులో ఆడభాగం ముందు సిద్ధమై, పుప్పొడి తర్వాత రాలుతుంది. అందుకని ఆ పువ్వు తనంతట తాను కట్టదు, చిన్న పెంకుపురుగులు దూరి ఒక పువ్వు పుప్పొడిని ఇంకో పువ్వుకు చేర్చాలి. వందల పూలలో కొన్నే కాయలవుతాయి. వానలు బాగా పడి గాలిలో తేమ నిలిచిన ఏడు కాపు ఎక్కువ. పూత నుంచి కోతకు దాదాపు నాలుగు నెలలు పడుతుంది.

కోసేవారి నేర్పంతా చూపులోనే ఉంది. కాయ మీది ఒక్కో బొడిపెను ‘కన్ను’ అంటారు. పచ్చికాయ కళ్లు ఒకదానికొకటి బిగుసుకుని ఉంటాయి. పక్వానికి వచ్చేసరికి అవి ఉబ్బి, వాటి నడుమ గీతలు వెడల్పై తెల్లగా, కొన్నిటిలో లేత పసుపుగానో గులాబీ ఛాయగానో తేలతాయి. కళ్లు విచ్చుకున్న కాయనే తొడిమతో తెంపాలి. తెంపాక మూడు నాలుగు రోజుల్లో వరిగడ్డిలో మాగుతుంది. విచ్చుకోకముందే తెంపితే అది మాగదు, నల్లబడి గట్టిగా మిగిలిపోతుంది. చెట్టు మీదే మాగనిస్తే ఉడుతలు, పక్షులు, గబ్బిలాలు ముందుంటాయి. మంచికాయకు దొరికే గడువు అటూ ఇటూగా ఒకటి రెండు రోజులే కాబట్టి ఒకే చెట్టు దగ్గరికి నాలుగైదుసార్లు పోవాలి. కొమ్మ దులిపి ఒక్కసారే రాల్చుకునే పంట కాదిది. తొందరపాటుకు లొంగని కోతను తెలంగాణ పల్లె ఏ పేరూ పెట్టకుండానే తరతరాలుగా చేస్తోంది.

కోత కాలం బతుకమ్మతో కలిసి వస్తుంది. తంగేడు, గునుగు తెచ్చేది ఆ గుట్టల నుంచే. పూలకని పోయిన పిల్లలు ఒడిలో కాయలతో తిరిగొచ్చేవారు. ఈ ఊళ్లున్న కామారెడ్డి జిల్లా ఏర్పడిన 2016 అక్టోబర్ 11 కూడా దసరానే, అంటే మంచి సీతాఫలాల రోజుల్లోనే.

వ్యాపారం మాత్రం పండుగంత ఉల్లాసంగా లేదు. అడవిలోని పండ్లను జంగలాత్ శాఖ చిల్లర ఫలసాయంగా లెక్కగట్టి హర్రాజు వేసేది. పాట పాడుకున్న గుత్తేదారుకు గుట్ట మీద కాపు దక్కేది, కోసిన తండా ఆడవాళ్లకు కూలి దక్కేది. 2006 అటవీ హక్కుల చట్టం అడవిలో నివసించేవారికి చిల్లర ఫలసాయం సేకరించి అమ్ముకునే హక్కు ఇచ్చింది. కాగితం మీది హక్కు చేతికందడం ఊరూరికీ ఒకే తీరుగా జరగలేదు. ధరను నిర్ణయించేది హక్కుకన్నా పండు ఆయుష్షు. మాగిన పండు రెండో రోజుకే మెత్తబడి పగులుతుంది, చల్లటి గదిలో పెడితే తొక్క నల్లబడుతుంది. అందుకే సాయంత్రం గంప దించిన మనిషికి బేరమాడే తీరిక ఉండదు. రోడ్డు పక్కన కుప్పలు పోసి అమ్మే వాడుక అందులోంచే వచ్చింది. సంగారెడ్డి నుంచి నాందేడ్ పోయే జాతీయ రహదారి పిట్లం మీదుగానే పోవడం ఇక్కడివారికి కలిసొచ్చింది. కామారెడ్డి వైపువారికి 1900 ప్రాంతంలో వచ్చిన సికింద్రాబాద్–మన్మాడ్ రైలు దారి పనికొచ్చింది. ఆ దారి చివర సికింద్రాబాద్‌లో సీతాఫల్‌మండి అనే పేటే ఉంది. హైదరాబాద్‌లో 1935 నాటి మొజంజాహి మార్కెట్ నుంచి పండ్ల టోకు వ్యాపారం గడ్డిఅన్నారానికి, 2021లో బాటసింగారానికి మారిపోయింది. అయినా ఆ పాత మార్కెట్ ఆవరణలో సీతాఫలం ఐస్‌క్రీముకు మాత్రం గిరాకీ తగ్గలేదు. గుజ్జు తీసి గడ్డకట్టించి దాచడం నేర్చాకే ఈ పండు కాలాన్ని దాటి అమ్ముడుపోవడం మొదలైంది.

గుట్టలు తరిగిపోతున్న కొద్దీ పండు తోటల్లోకి మారుతోంది. మహబూబ్‌నగర్ వైపు బాలానగర్ రకం పేరు పొందింది. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ ‘ఐలాండ్ జెమ్’, ‘మామత్’ రకాలను కలిపి ‘అర్కా సహన్’ రూపొందించింది. మహారాష్ట్రలోని బీడ్ సీతాఫలానికి 2016లో భౌగోళిక గుర్తింపు దక్కింది. తోటలో కొమ్మ కత్తిరింపు, చేత్తో పుప్పొడి అద్దడం, బిందుసేద్యం ఉంటాయి. కాయ పెద్దది, గింజ తక్కువ. మొరం తవ్వకాలకు, ట్రాక్టర్ దున్నకానికి చిక్కకుండా మిగిలిన గుట్టల్లో ఇవేవీ లేకుండానే చిన్నకాయ, గింజల కాయ, తీపి కాయ కాస్తోంది. దాని కోత కార్తీకం చివర చలి ముదిరేదాకా సాగుతుంది. ఆ తర్వాత కొమ్మకు మిగిలినవి మాగవు, రాయిలా గట్టిపడి ఎండిపోతాయి.