బరకం బరువెంత?

జనవరి దాటితే గంపలగూడెం చుట్టుపక్కల కళ్లాలన్నీ ఎర్రబడతాయి. ఆరబోసిన మిర్చి పక్కనే మడిచిన బరకాలు, అదే టార్పాలిన్ పట్టాలు, సిద్ధంగా ఉంటాయి. మబ్బు పట్టిందంటే చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి అందరూ వాటి మీదికే పరుగు. తిరువూరు డివిజన్‌కూ ఖమ్మం జిల్లాకూ సరిహద్దులో ఉన్న ఈ పట్టుకు మిరప కోతల కాలంలో పొరుగు రాష్ట్రాల నుంచి, ముఖ్యంగా ఛత్తీస్‌గఢ్ నుంచి కూలీలు వస్తారు. చేల గట్ల మీద వాళ్లు వేసుకునే గుడారాలకూ ఆ బరకాలే దిక్కు. నగరాల కుర్రాళ్లు కొండల్లో ఒక రాత్రి గడపడానికి వేలు పోసి కొనే ‘టార్ప్’ ఈ బరకానికి దగ్గరి చుట్టమే. తేడా అంతా బరువులో ఉంది.

ఈ గుడ్డ మొదట ఓడలది. 1611లో ఈస్టిండియా కంపెనీ ఓడ ‘గ్లోబ్’ మచిలీపట్నం రేవుకు వచ్చేనాటికే యూరప్ నావికులు సరుకు తడవకుండా తారు పూసిన కాన్వాసు కప్పేవాళ్లు. నీళ్లు దిగవు, నిజమే. కానీ బండబరువు, జిగురు, వాసన. నేల మీద స్తోమత ఉన్నవాళ్లు ఆ జాతి గుడ్డను తమ వీపున మోయలేదు, ఇంకొకరి చేత మోయించారు. యాత్రికుడు ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరినప్పుడు వెంట పెద్ద పరివారమే ఉంది. పల్లకీకి బోయీలు, సామానుకు కూలీలు ఉంటే డేరా ఎంత బరువైతే ఏం? శిస్తు లెక్కల జమాబందీకి కదిలే కలెక్టర్ల డేరాలూ అంతే, ఎడ్లబండ్ల మీద దొరగారి కంటే ముందే మజిలీ చేరేవి.

తన గూడు తానే మోసుకోవాల్సినవాడు గొర్రెల కాపరి. అతనికి గొంగడి చాలు. వానకు కొప్పెర, రాత్రికి పక్క, చలికి దుప్పటి అన్నీ అదే. ఒకే వస్తువుతో నాలుగు పనులు జరిపించుకోవడమే తేలిక ప్రయాణం అని ఈనాటి ట్రెక్కింగ్ పుస్తకాలు చెబుతున్నాయి. కాపరికి ఆ పుస్తకం అవసరం పడలేదు.

గుడ్డ బరువు తగ్గడానికి మాత్రం ప్రయోగశాలే దారి చూపింది. 1933 మార్చిలో ఇంగ్లండులోని నార్త్‌విచ్ దగ్గర ఐసీఐ రసాయనాల కంపెనీ ప్రయోగశాలలో ఫాసెట్, గిబ్సన్ అనే ఇద్దరు అధిక పీడనంతో చేస్తున్న ప్రయోగం అనుకున్న ఫలితం ఇవ్వలేదు. పాత్ర అడుగున మైనం లాంటి తెల్లటి పదార్థం మిగిలింది. అదే పాలిథిన్. రెండో ప్రపంచ యుద్ధకాలంలో రాడార్ కేబుళ్లకు తొడుగైంది. 1953లో కార్ల్ జీగ్లర్ మామూలు పీడనం దగ్గరే ఇంకా గట్టి రకం తయారుచేసే దారి చూపాడు. ఆ గట్టి రకాన్ని పట్టీలుగా కోసి, నేసి, రెండు వైపులా పూత వేస్తే ఇవాళ ఎరువుల కొట్లో దొరికే పట్టా. సిల్పాలిన్‌ది ఇంకో పద్ధతి. అందులో నేత ఉండదు, ఫిల్ములను ఒకదానికొకటి అడ్డంగా పొరలుగా అతికిస్తారు. సుప్రీమ్ ఇండస్ట్రీస్ వారి ఆ బ్రాండు పేరు ఊళ్లలో అన్ని పట్టాలకూ పేరైపోయింది.

కొట్టువాడు చెప్పే ‘జీఎస్ఎం’ అంటే చదరపు మీటరుకు ఎన్ని గ్రాములని. ట్రెక్కర్లు వెతికేదీ ఆ అంకెనే. రైతులకు రాయితీ మీద ఇచ్చే పట్టా సాధారణంగా 8 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, 250 జీఎస్ఎం. లెక్క కడితే 12 కిలోలు. కళ్లానికి అంత ఉండాల్సిందే. ఇద్దరు పడుకోవడానికి 10 అడుగులకు 12 అడుగుల ముక్క సరిపోతుంది. అది 400 జీఎస్ఎం కాన్వాసైతే నాలుగున్నర కిలోలు, తడిస్తే మోసేవాడి పని అయిపోయినట్టే. 90 జీఎస్ఎం పాలిథిన్ అయితే కిలో. సిలికాన్ పూసిన నైలాన్ అరకిలో. 1992 అమెరికాస్ కప్ పడవ పందెంలో తెరచాపల కోసం పుట్టి, తర్వాత డైనీమా పేరుతో ట్రెక్కర్ల చేతికొచ్చిన గుడ్డలో బాగా పల్చనిదైతే సుమారు 200 గ్రాములే. ఓడల దగ్గర మొదలైన గుడ్డకు మళ్లీ పడవలే తేలికదనం నేర్పాయన్నమాట.

ఇంతకీ ఖరీదు పెట్టినవాళ్లే దూరం నడిచారా అంటే, కాదు. 1955లో అమెరికాలో ఎమ్మా గేట్‌వుడ్ అనే 67 ఏళ్ల పల్లెటూరి అమ్మమ్మ, పదకొండు మంది పిల్లల తల్లి, మూడు వేల కిలోమీటర్లు దాటిన అపలాచియన్ కాలిబాటను ఒంటరిగా నడిచేసింది. ఆమె దగ్గర డేరా లేదు. భుజాన చేత్తో కుట్టుకున్న సంచీ, అందులో వానకు అడ్డంగా స్నానాలగది కర్టెన్!

గుడ్డ ఏదైనా కట్టడంలోనే కిటుకుంది. రెండు చెట్ల మధ్య తాడు బిగించి, దాని మీద పట్టా వేసి, గాలి వచ్చే వైపు అంచు నేలదాకా దించాలి. వాలు తక్కువైతే మధ్యలో నీళ్లు గుంట కట్టి బరువుకు చిరుగుతుంది. నైలాన్ తడిస్తే సాగుతుంది కనుక పడుకునే ముందు తాళ్లు మళ్లీ బిగించాలి. తడిసిన నల్లరేగడిలో మేకు నిలవదు, దాని మీద బండరాయి పెట్టాల్సిందే. అంచు రింగు ఊడిందా, చిన్న గులకరాయిని గుడ్డలో చుట్టి దాని మెడకు తాడు బిగిస్తే చాలు. కళ్లాల దగ్గర చిన్నపిల్లలకూ వచ్చిన విద్య ఇది. రెండు వైపులా తెరిచి ఉంచితే లోపల చెమ్మ పట్టదు. దోమలకూ పురుగుకూ మాత్రం ఆ తెరిచిన వైపులే దారి, అందుకని దోమతెర, కింద ఇంకో పట్టా తప్పవు. పొయ్యి మాత్రం బయటే. పాలిథిన్‌కు నిప్పు సెగ తగిలితే కరిగి మీద పడుతుంది.

కాన్వాసును చెమ్మ చంపితే పాలిథిన్‌ను ఎండ చంపుతుంది. ఎండను తట్టుకునే మందు కలపని చవక పట్టా కొన్ని నెలల్లోనే పెళుసుబారి పొట్టు రాలుతుంది. కొనేముందు మడత విప్పి వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే సూదిమొన అంత చిల్లులు కూడా చుక్కల్లా కనిపిస్తాయి. మడతల గీతల మీదా, రింగుల చుట్టూ రెండోసారి చూసి మరీ డబ్బులివ్వాలి.