బళ్ళారి ఎండకు త్వరగా నీడనిచ్చే చెట్టు ఏది?

చలిదేశాల్లో నీడచెట్టు నాటేవారు అది మంచుకు తట్టుకుంటుందా అని చూస్తారు. చలికాలంలో ఆకు రాలితే ఇంట్లోకి ఎండ వస్తుందని సంతోషిస్తారు. బళ్ళారిలో లెక్క వేరు. మనకు నీడ కావలసింది ఏప్రిల్, మే నెలల్లో. అప్పుడు కొమ్మల మీద ఆకు లేని చెట్టు ఎంత త్వరగా పెరిగినా లాభం లేదు.

కానుగ: నర్సరీలో హొంగె అని అడగండి. ఇంటి ముందుకు మొదట చూడవలసింది ఇదే. ఉగాదికి కాస్త ముందు ఆకు రాల్చి వెంటనే చిగురిస్తుంది. ఎండలు ముదిరేసరికి చిక్కటి నీడ సిద్ధం. ఎర్రనేలలోనూ నల్లరేగడిలోనూ వస్తుంది.

వేప: కన్నడంలో బేవు. కరువుకు బాగా ఓర్చుకుంటుంది గాని నీరు నిలిచే చోట బతకదు. వానాకాలం చివర్లో కొమ్మల కొసలు ఎండే తెగులు కనిపిస్తే కంగారుపడి కొట్టేయకండి. చాలా చెట్లు మళ్లీ చిగురిస్తాయి.

తురాయి (గుల్‌మొహర్): పెరుగుదల వేగం, పూలు అందం. కాని మన దగ్గర ఎండలు ముదిరే వేళకే ఆకు రాల్చి బోసిపోతుంది. కొమ్మలు పెళుసు, ఈదురుగాలికి విరుగుతాయి.

నిద్రగన్నేరు: గొడుగులా 60 అడుగులకు పైగా పరుచుకుంటుంది. బడికో గుడి ఆవరణకో సరే, 30×40 సైటులో వద్దు.

కోనోకార్పస్: చాలా త్వరగా పచ్చబడుతుంది. అయితే వేళ్లు మురుగు కాలువలను, భూమిలోని కేబుళ్లను దెబ్బతీస్తాయని, పుప్పొడితో జలుబు, ఉబ్బసం వస్తాయని ఫిర్యాదులున్నాయి. గుజరాత్ ప్రభుత్వం 2023లో దీన్ని నాటడం నిషేధించింది.

నాటేటప్పుడు: తొలి వానలు పడ్డాక రెండడుగుల గుంట తీసి, చివికిన పశువుల ఎరువు కలిపి నాటండి. అటవీ శాఖ నర్సరీల్లో మొక్కలు తక్కువ ధరకు దొరుకుతాయి. నల్లరేగడి ఎండకు బీటలు వారుతుంది. చెట్టు నీరు పీల్చినకొద్దీ నేల ఇంకా కుంచించుకుని పునాది కదలవచ్చు. అందుకే గోడకు కనీసం 15 అడుగులు వదలండి. పైన కరెంటు తీగలున్నాయేమో చూసుకోండి. మొదటి రెండు ఎండాకాలాలు వారానికి రెండుసార్లు నిండా నీళ్లు పోస్తే తర్వాత చెట్టు తన బతుకు తాను చూసుకుంటుంది.

ఒక్క మాట గుర్తుంచుకోండి. 1976 నాటి కర్ణాటక వృక్ష సంరక్షణ చట్టం ప్రకారం, మినహాయింపు ఉన్న కొన్ని జాతులు తప్ప, మన స్థలంలోని చెట్టును కొట్టాలన్నా ట్రీ ఆఫీసరు అనుమతి కావాలి. తప్పు చెట్టు నాటి పదేళ్ల తర్వాత తిప్పలు పడేకంటే, ఒకటి రెండేళ్లు ఆలస్యమైనా కానుగో వేపో నాటుకోవడమే మేలు.