కంపెనీ పాలనలో లంచం మాట ఎత్తినవారు

1775 మార్చి 11న కలకత్తాలో ఈస్టిండియా కంపెనీ కౌన్సిల్ ముందుకు ఒక ఉత్తరం వచ్చింది. రాసినవాడు బెంగాల్ నవాబుల కాలంలో పెద్ద పదవులు చేసిన మహారాజా నందకుమార్. మైనరు నవాబుకు సంరక్షకురాలిగా మున్నీ బేగంను, దివానుగా గురుదాస్‌ను నియమించినందుకు గవర్నర్ జనరల్ వారెన్ హేస్టింగ్స్ 3,54,105 రూపాయలు పుచ్చుకున్నాడన్నది ఆరోపణ. గురుదాస్ నందకుమార్ కొడుకే. తాను ముట్టజెప్పిన సొమ్మును కూడా ఆ లెక్కలో చూపించాడు కాబట్టి నందకుమార్‌ను కడిగిన ముత్యం అనలేం. అయితే మున్నీ బేగం దగ్గర లక్షన్నర తీసుకున్న మాట హేస్టింగ్స్ కూడా కాదనలేదు. అది ఆతిథ్యపు ఖర్చని చెప్పుకున్నాడు.

తనపై విచారణ జరిపే అధికారం కౌన్సిల్‌కు లేదంటూ హేస్టింగ్స్ సమావేశం నుంచి లేచిపోయాడు. రెండు నెలలు తిరక్కుండానే, మే 6న, నందకుమార్ అరెస్టయ్యాడు. నేరం లంచానికి సంబంధించినది కాదు, ఫోర్జరీ. చనిపోయిన ఒక సాహుకారు ఆస్తి విషయంలో ఏనాడో పుట్టిన బాండు తగాదాను మోహన్ ప్రసాద్ అనే వ్యక్తి కొత్తగా ఏర్పడిన సుప్రీంకోర్టులో క్రిమినల్ కేసుగా మార్చాడు. ప్రధాన న్యాయమూర్తి ఎలైజా ఇంపీ, హేస్టింగ్స్ చిన్ననాడు ఒకే బడిలో చదువుకున్నారు. జ్యూరీలో పన్నెండుగురూ యూరోపియన్లే. ఫోర్జరీకి ఉరి ఇంగ్లండు చట్టం. బెంగాల్‌లో అలాంటి శిక్ష ఎవరూ ఎరగరు. ఇంగ్లండు రాజుకు అప్పీలు చేసుకునేదాకా ఉరి ఆపమన్న వినతిని కోర్టు తోసిపుచ్చింది. ఆగస్టు 5న నందకుమార్‌ను ఉరితీశారు. ఇందులో హేస్టింగ్స్ చేయి ఉందా లేదా అన్నదానిపై చరిత్రకారులు ఇప్పటికీ ఏకాభిప్రాయానికి రాలేదు. గవర్నర్ జనరల్ మీద ఫిర్యాదు తెచ్చే సాహసం మాత్రం ఆపైన కొన్నేళ్లపాటు ఎవరూ చేయలేదు.

అయిదేళ్ల తరువాత ఆ సాహసం చేసినవాడు ఒక ఐరిష్ ముద్రాపకుడు. జేమ్స్ అగస్టస్ హికీ 1780 జనవరి 29న 'బెంగాల్ గెజిట్' ప్రారంభించాడు. కబుర్లకూ ఎత్తిపొడుపులకూ అందులో కొదవ లేదు. ఇంపీకి కంపెనీ కట్టబెట్టిన అదనపు పదవి లంచమేనని కూడా రాశాడు. నవంబరులో పోస్టాఫీసు ఆ పత్రికను మోయడం మానేసింది. హికీ మనుషులను పెట్టి పంచిపెట్టించాడు. 1781 జూన్‌లో హికీపై పరువునష్టం కేసులు విచారణకు వచ్చినప్పుడు న్యాయపీఠం మీద కూర్చున్నది ఆ ఇంపీయే. జైల్లో పెట్టినా పత్రిక ఆగలేదు. చివరికి 1782 మార్చిలో అచ్చు సామగ్రి జప్తు చేశాకే ఆగింది.

నందకుమార్ ఉరి విషయంలో ఇంపీపై తెచ్చిన అభిశంసన 1788లో బ్రిటిష్ పార్లమెంటు కామన్స్ సభలోనే వీగిపోయింది. హేస్టింగ్స్‌పై అభిశంసన విచారణ ఏడేళ్లు సాగింది; 1795లో ఆయన నిర్దోషి అని తేలింది. కంపెనీ ఆయనకు ఏటా 4,000 పౌండ్ల భత్యం ఇచ్చింది. హికీ 1802లో చైనా వెళ్లే ఓడలో పేదవాడిగా చనిపోయాడు.