కారంపూడి ప్రాంతపు డొంకలు, బీళ్లు: నడక హక్కు, మేపు హక్కు

పల్నాడు జిల్లా కారంపూడి మండలంలోను, చుట్టుపక్కల ఊళ్లలోను ఆరుబయలు నేల మీద జనం నడవడానికి, పశువులను తోలుకుపోవడానికి, మేపుకోవడానికి కొన్ని హక్కులున్నాయి. ఇవన్నీ ఒకే చట్టంలో లేవు. కొన్ని ఆచారంలో, కొన్ని రెవెన్యూ రికార్డులో, మరికొన్ని అటవీ, పంచాయతీ చట్టాల్లో ఉన్నాయి. నాగులేటి ఒడ్డునున్న కారంపూడి 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధానికి వేదికగా పేరుపొందింది. ఇక్కడి నడక హక్కు విహారం కోసం పుట్టింది కాదు. పశువు, వంటచెరకు, నీళ్లు, మొక్కుబడి కోసం పుట్టింది.

దారులు, బయళ్లు

పల్నాడు నాపరాతి నేల. మెట్ట పొలాలు, రాతి గుట్టలు, చిట్టడవులు కలిసి ఉంటాయి. ఊరి నుంచి పొలాలకు, అడవికి పోయే బండిదారిని డొంక అంటారు. రెండు వైపులా కంపచెట్లు పెరిగి, పొలాల కన్నా పల్లంగా ఉండే డొంక వానాకాలంలో నీటిని కూడా మోస్తుంది. రికార్డులో ఇది పోరంబోకు. పశువులు మేసే బీడు, మంద నిలిచే మందబైలు, కళ్లం, శ్మశానం, వాగు గట్టు కూడా ఉమ్మడి వాడుకలోనివే.

పట్టా భూమిలోనూ కొంత వాడుక ఉంది. పంట కోశాక చేను పశువులకు వదిలేస్తారు. ఎరువు కోసం రైతు తన చేలో గొర్రెల మంద కట్టించుకుని, కాపరికి ధాన్యమో డబ్బో ఇస్తాడు. ఇది రాతకోతలు లేని ఒప్పందం. రెండు పంటల మధ్య చేను ఖాళీగా ఉన్నన్నాళ్లే ఇది నిలుస్తుంది.

అడవి మూతపడటం, పుల్లరి ఉద్యమం

1882 నాటి మద్రాసు అటవీ చట్టం కింద ప్రభుత్వం అడవులను రిజర్వు చేసింది. దారి, మేత, నీటి హక్కులున్నవారు గడువులోగా అటవీ సెటిల్‌మెంటు అధికారి ముందు చెప్పుకోవాల్సి ఉండేది. చెప్పుకోని హక్కు రద్దయ్యేది. తరతరాలుగా నోటిమాట మీద సాగిన వాడుకను కాగితం మీద రుజువు చేయడం కాపరులకు అలవిమాలిన పని. రిజర్వు అడవిలో అనుమతి లేకుండా అడుగుపెట్టడం, పశువులను తోలడం నేరాలయ్యాయి. మేపుకోవాలంటే పుల్లరి అనే మేత పన్ను కట్టాల్సి వచ్చేది.

1921లో సహాయ నిరాకరణ ఉద్యమం పల్నాటికి చేరినప్పుడు ఈ పుల్లరే ప్రధాన సమస్యగా ముందుకొచ్చింది. జనం పుల్లరి కట్టడం మానేశారు. అధికారులను సాంఘికంగా వెలివేశారు. ఈ ఉద్యమంలో పాల్గొని జైలుకు వెళ్లిన ఉన్నవ లక్ష్మీనారాయణ అక్కడే ‘మాలపల్లి’ నవల రాశారు. దుర్గి మండలం మించాలపాడులో ఉద్యమాన్ని నడిపిన కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసు కాల్పులకు బలయ్యారు. స్వరాజ్య పోరాట చరిత్రలో ఆయన పేరు నిలిచిపోయింది. కానీ ఆయన ప్రాణమిచ్చింది ఊరి పశువు అడవిలో అడుగుపెట్టే హక్కు కోసమన్న సంగతిని మరవకూడదు.

వీరుల తిరునాళ్లు

ఏటా కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు కారంపూడిలో పల్నాటి యుద్ధ వీరుల ఉత్సవాలు జరుగుతాయి. ఆ రోజుల పేర్లు రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. ఆ వీరులను కొలిచే వీరాచారులు దూరప్రాంతాల నుంచి తమ వంశాల వీరుల ఆయుధాలతో వచ్చి, నాగులేట్లో వాటికి స్నానం చేయించి, వీరుల గుడికి ఊరేగింపుగా తెస్తారు. పశువుల మంద మీద జరిగిన దాడి పేరుతో (మందపోరు) ఒక రోజునే కేటాయించారంటే ఈ సీమ బతుకులో మందకున్న చోటు అర్థమవుతుంది. ఏటి ఒడ్డు, గుడి దారి ఆ అయిదు రోజులు అందరివీ అవుతాయి. ఈ వాడుకకు ఆధారం జనం ఏటా నడుస్తూ రావడమే.

చట్టంలో హక్కు స్థితి

దేశమంతటా తిరిగే స్వేచ్ఛను రాజ్యాంగం 19వ అధికరణం ఇస్తుంది గాని, దాన్ని చూపి ఇతరుల పొలంలో నడిచే వీలు లేదు. ఇతరుల భూమిని వాడుకునే హక్కులకు సంబంధించిన 1882 ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం ఒక దారిని హక్కుగా, బాహాటంగా, ఆటంకం లేకుండా 20 ఏళ్లు వాడితే అది హక్కుగా స్థిరపడుతుంది. ప్రభుత్వ భూమిలోనైతే 30 ఏళ్లు వాడాలి. ఊరి ఉమ్మడి బీడులో ఆచారం ప్రకారం మేపుకునే హక్కును కూడా ఈ చట్టం గుర్తిస్తుంది. 1905 భూ ఆక్రమణల చట్టం బాటలను, వాగులను, చెరువులను ప్రభుత్వ ఆస్తిగా ప్రకటించి, ఆక్రమణదారులను ఖాళీ చేయించే అధికారం ఇచ్చింది. 1994 పంచాయతీరాజ్ చట్టం కింద మేతబీళ్లు, కళ్లాలు, శ్మశానాలు, తోపులు గ్రామ పంచాయతీకి చెందుతాయి. 2006 అటవీ హక్కుల చట్టం గిరిజనులకు, మూడు తరాలుగా అడవిని నమ్ముకుని ఉన్న ఇతరులకు, సంచార పశుపోషకులకు మేత హక్కు కల్పించింది. ఆక్రమణకు గురైన ఊరి ఉమ్మడి భూములను తిరిగి గ్రామానికి అప్పగించాలని జగ్‌పాల్ సింగ్ కేసులో 2011 జనవరి 28న సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది.

పోటీపడే వినియోగాలు

1967లో నాగార్జునసాగర్ కుడి కాలువకు నీరు వదిలాక మెట్ట నేల మాగాణి అయింది. మిర్చి, పత్తి నెలల తరబడి చేలో ఉండడంతో చేను ఖాళీగా ఉండే రోజులు తగ్గాయి. కాలువకు అడ్డంగా ఉన్న పాత దారి వంతెన ఉన్నచోటికి మళ్లాల్సి వచ్చింది. పల్నాటి సున్నపురాయి కోసం క్వారీలు, సిమెంటు కర్మాగారాలు వచ్చాయి. మాచర్ల వైపు అడవుల్లో కొంత నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంలో ఉంది. అక్కడ మేపు మీద ఆంక్షలున్నాయి. పంట, పరిశ్రమ, వన్యప్రాణి మూడూ అవసరమైనవే. కాని చోటు ఇవ్వాల్సి వచ్చినప్పుడల్లా ముందు పోయేది బీడే.

డొంక ఒక్కసారిగా మాయం కాదు. అంచున ఉన్న రైతు ఏడాదికో చాలు లోపలికి దున్నుతాడు. రెండు బండ్లు ఎదురెదురుగా పోయే దారి ట్రాక్టరు పట్టనంత సన్నబడుతుంది. చివరికి మధ్యలో కంప పడుతుంది. అప్పుడు నష్టపోయేది అవతల పొలమున్న చిన్న రైతు, కూలికి పోయే ఆడవాళ్లు, గొర్రెల కాపరి.

ఇతర దేశాల్లో

స్వీడన్‌లో పొలానికి, ఇంటి ఆవరణకు చెరుపు చేయకుండా ఎవరి భూమిలోనైనా నడవవచ్చు. ఇంగ్లండులో 1932లో కిండర్ స్కౌట్ కొండ మీదికి కార్మికులు నిషేధాన్ని ధిక్కరించి నడిచారు, వారిలో కొందరు జైలుకు వెళ్లారు. ఆ పోరాట ఫలితంగా 2000లో కొండలు, బంజర్లు, నమోదైన ఉమ్మడి భూముల్లో నడక హక్కునిస్తూ చట్టం వచ్చింది. స్కాట్లాండు 2003లో ఇంకా విశాలమైన హక్కునిచ్చింది. ఆ దేశాల్లో నడక ప్రధానంగా విహారానికి, పల్నాట్లో జీవనానికి.

రక్షణ

ఉమ్మడి దారికి మొదటి సాక్ష్యం గ్రామ పటం, ఎఫ్‌ఎంబీ (పొలాల కొలతల పుస్తకం). రీసర్వే జరిగేటప్పుడు పట్టాదారు తన గట్టు దగ్గర తప్పక నిలబడతాడు. డొంకకు, మందబైలుకు అలా నిలబడేవాడు ఉండడు. ఆ పని గ్రామసభ చేయాలి. కాపరులను, కూలీలను వెంటబెట్టుకుని ప్రతి డొంకనూ పటంతో సరిచూసి, హద్దురాళ్లు వేయించి, ఆక్రమణ ఉంటే తహసీల్దారుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. పటంలో ఉండి, జనం నడుస్తున్న దారిని ఆక్రమించడం తేలిక కాదు.