శేరు పోయింది, సోల మిగిలింది



పండుగ వస్తోందంటే కిరాణా చీటీలో కిస్‌మిస్ పావుకిలో, ఎండు ఖర్జూరం పావుకిలో అని రాస్తాం. అదే వంటింట్లోకి వచ్చాక "గిద్దెడు వెయ్యి, గుప్పెడు వెయ్యి" అంటాం. కొనేది తూకంతో, వండేది కొలతతో. ఈ రెండింటికీ లంకె ఎలా కుదిరిందో ఈ పూట చెప్పుకుందాం.

ఆలేరు పాత నల్లగొండ జిల్లాలో, సికింద్రాబాదు నుంచి కాజీపేట వెళ్ళే రైలు దారిలో ఉన్న ఊరు. ఆ వైపు ఇళ్ళలో గింజలు కొలవడానికి గిద్దె, సోల, తవ్వ, మానిక ఉండేవి. నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. దుకాణంలో తక్కెడ భాష వేరు. తులం, ఛటాకు, అద్దపావు, పావుశేరు, శేరు. 80 తులాల శేరు అంటే ఇప్పటి లెక్కన సుమారు 933 గ్రాములు. పావుశేరు 233, అందులో సగం అద్దపావు.

1956లో తూనికలు కొలతల చట్టం వచ్చింది. 1958 అక్టోబరు 1 నుంచి కిలోలు మొదలయ్యాయి. 1962 ఏప్రిల్ నాటికి తూకానికి కిలోలే చెల్లాలన్నారు. అప్పటికే 1957 ఏప్రిల్ 1 నుంచి అణాలు పోయి నయాపైసలు వచ్చాయి. అంటే నాలుగైదేళ్ళలో డబ్బూ మారింది, రాయీ మారింది. శేరు రూపాయికి అమ్మే సరుకు కిలో రూపాయి ఏడు నయాపైసలు కావాలి. పన్నెండు అడిగితే అయిదు పైసలు అదనమన్న మాట! బడికి వెళ్ళని ఇల్లాలికి ఈ లెక్క ఎవరు చెప్పాలి?

ఆమెకు ఆసరా ఇంట్లోని సోలే. దుకాణం రాయి మారినా సోల మారలేదు. తెచ్చిన సరుకు అందులో పోస్తే ఎంతవరకు వస్తుందో ఆమె కంటికి తెలుసు. తగ్గితే ఇట్టే పట్టేస్తుంది.

అయితే ఎండు పండ్లు బియ్యంలా ఒదిగి కూర్చోవు. ముక్కల మధ్య గాలి ఉంటుంది. 240 మిల్లీలీటర్ల కప్పులో నీళ్ళు 240 గ్రాములు పడితే, కిస్‌మిస్ వదులుగా పోసినప్పుడు 145 గ్రాములే పడుతుంది. వేళ్ళతో అదిమితే 165 దాకా పోతుంది. తరిగిన ఖర్జూరం 150కి దగ్గర. ఖుబానీ చెక్కలు 130 మాత్రమే. ఒకే కప్పు, ఎన్ని తూకాలో చూశారా? అందుకే "కప్పు కిస్‌మిస్" అన్నప్పుడు వదులుగానా, అదిమా అన్నది అడగాలి. ఖర్జూరాన్ని గింజ తీసి తరిగాకే కొలవాలి. ఏదైనా నానకముందే కొలవాలి, నానితే ఉబ్బుతుంది కదా.

ఈ తకరారు మనకే కాదు. అమెరికాలో ఫానీ ఫార్మర్ అనే వంట పంతులమ్మ 1896లో అచ్చువేసిన తన పుస్తకంలో కప్పులూ చెంచాలూ అంచుకు సమానంగా తీసి కొలవాలని పట్టుబట్టింది. గోపురంలా పోస్తే ఎవరి కప్పు వారిదే అవుతుందని ఆమె బాధ. అక్కడున్న మన పిల్లలు రాసి పంపే వంటల్లో కనిపించే కప్పు కూడా అలా సమానంగా కొలిచిందే.

ఇంట్లో త్రాసు లేదని దిగులు వద్దు. పొట్లం మీద నికర తూకం అచ్చువెయ్యాలని 1977లోనే నియమం వచ్చింది. ఇప్పటి చట్టంలోనూ అది ఉంది. పావుకిలో కిస్‌మిస్ పొట్లం విప్పి, మీరు రోజూ వాడే గ్లాసుతో, అదమకుండా, అంచుకు సమానంగా కొలవండి. ఎన్ని గ్లాసులు వచ్చాయో డబ్బా మూత లోపల రాసి అంటించండి. ఖర్జూరానికీ, ఖుబానీకీ విడివిడిగా చెయ్యండి. ఒక్కసారి చేస్తే చాలు, ఆ గ్లాసు మీ ఇంటి సోల అయిపోతుంది. పాయసంలో తీపి ఎక్కువ కాదు, దుకాణంలో తూకం తక్కువా కాదు.