రాజముద్ర, కత్తిగాటు: డేన్‌లా వెండి నాణేలపై ఒక పరిశీలన

క్రీ.శ. 865లో తూర్పు ఆంగ్లియాలో దిగిన డేన్ల మహాసైన్యం 869లో అక్కడి రాజు ఎడ్మండ్‌ను చంపింది. సుమారు 895 నుంచి అదే నేల మీద, డేన్ల ఏలుబడిలోనే, ఆ రాజును పునీతుడిగా పేర్కొంటూ వెండి పెన్నీలు వెలువడ్డాయి. దీన్ని పశ్చాత్తాపమని సరిపెట్టుకుందామంటే నాణెం వెనుకవైపు అడ్డొస్తుంది. అక్కడ కనిపించే ముద్రాపకుల పేర్లలో చాలా భాగం ఫ్రాంకిష్ పేర్లు. సముద్రం ఆవలి పనివాళ్లతో టంకశాల నడిపారంటే, అది భక్తి కన్నా పాలనకు సంబంధించిన వ్యవహారమే.

ఈ దారి వేసింది తూర్పు ఆంగ్లియాను ఏలిన డేన్ల నాయకుడు గుథ్రమ్. 878లో ఎడింగ్టన్ వద్ద వెసెక్స్ రాజు ఆల్ఫ్రెడ్ చేతిలో ఓడి, బాప్తిస్మం పుచ్చుకొని ఏథెల్‌స్టన్ అయ్యాడు. నాణేల మీదా ఆ క్రైస్తవ నామమే వేయించుకున్నాడు. నమూనా ఆల్ఫ్రెడ్‌దే గాని తూకం వేరు. ఆల్ఫ్రెడ్ సంస్కరించిన పెన్నీ సుమారు 1.6 గ్రాములు తూగితే, డేన్‌లా (డేన్ల ఏలుబడిలోని ఇంగ్లాండ్ ప్రాంతం) పెన్నీలు 1.3 గ్రాముల దగ్గరే ఆగాయి.

యార్క్ సంగతి ఇంకా విచిత్రం. 866లో వైకింగులు పట్టుకునేనాటికి అక్కడ చెలామణీలో ఉన్న స్టైకాలనే చిన్న నాణేలలో వెండి నామమాత్రం. మేలిమి వెండి పెన్నీలు వచ్చింది 895 ప్రాంతంలో, వైకింగు రాజులు సీఫ్రెడ్, క్నూట్‌ల పేర్లతో. దోపిడీదారులుగా చరిత్రకెక్కినవారే ఆ ఊరి నాణేనికి వన్నె తెచ్చారన్నమాట! వాటి మీద సిలువలు, కీర్తనల గ్రంథం నుంచి తీసుకున్న లాటిన్ మాటలు కనిపిస్తాయి. తర్వాత పునీత పీటర్ పేరిట వెలువడిన నాణేలలో కొన్నింటి మీద ఖడ్గంతో పాటు నార్స్ దేవుడు థోర్ సుత్తి చేరింది. యార్క్‌ను ఏలిన వైకింగు రాజు ఓలాఫ్ గుథ్‌ఫ్రిత్‌సన్ (939–941) కాకోలం బొమ్మ వేయించి, తన రాజబిరుదును నార్స్ భాషలో రాయించుకున్నాడు.

ఇదంతా పాలకుల మాట. వెండి చేతులు మారిన తీరు మరోలా ఉంది. 872–73 చలికాలంలో సైన్యం మకాం వేసిన టార్క్‌సీలో అరబ్బు దిర్హమ్‌లు, నరికిన వెండి ముక్కలు, తూనికరాళ్లు దొరికాయి. 1840లో రిబుల్ నది ఒడ్డున బయటపడిన కుయర్‌డేల్ నిధిలో 7,000కు పైగా నాణేలున్నా, వాటితో పాటు కడ్డీలు, నరికిన కడియాలు కుప్పగా ఉన్నాయి. మొత్తం దాదాపు 40 కిలోలు. వెండి నాణ్యత చూడటానికి కత్తిమొనతో పెట్టిన గాట్లు కడ్డీల మీదా, నాణేల మీదా ఉన్నాయి. అంటే రాజు పేరు చదివి నమ్మేసే అలవాటు అందరికీ రాలేదు.

టంకశాల వచ్చాక త్రాసు పోయిందన్న సరళమైన క్రమం ఇక్కడ పొసగదు. 2007లో హారోగేట్ సమీపంలో దొరికిన వేల్ ఆఫ్ యార్క్ నిధే సాక్ష్యం. అందులోని 617 నాణేలతో పాటు కడియాలు, ముక్కల వెండి ఉన్నాయి. దాన్ని పాతిపెట్టిన కాలం 927–28 అని తేల్చడానికి ఆధారం, యార్క్‌ను జయించాక ఆల్ఫ్రెడ్ మనుమడైన ఏథెల్‌స్టన్ రాజు (గుథ్రమ్ కాదు) తనను బ్రిటన్ అంతటికీ ప్రభువుగా చాటుకుంటూ వేయించిన ఒక నాణెం. డేన్‌లాలో పెన్నీలు మొదలై తరం దాటినా, అటువంటి నాణెమూ తూచి ఇచ్చే వెండితో కలిసే దాచబడింది.