వరిమడిలోని పాచి

1883 ఆగస్టు 27వ తేదీన సుందా జలసంధిలోని క్రకటోవా ద్వీపము బ్రద్దలైనప్పుడు లేచిన తరంగము, బంగాళాఖాతమును దాటునప్పటికి మిక్కిలి సన్నగిల్లియు, విశాఖపట్టణములోని ఆటుపోటుల మాపకముపై తన గీతను మిగిల్చిపోయినది. మరుమాసమున మదరాసు జనులు ఆకుపచ్చనైన సూర్యబింబమును జూచి నివ్వెరపోయిరి. ఆ ద్వీపమునకును నరసన్నపేట ప్రాంతపు వరిపొలములకును ఇంతకంటె దగ్గరి సంబంధ మొకటి కలదని గ్రహించుటకు మరి యేబది యేండ్లకు పైగా పట్టినది.

బూయిటెన్‌జోర్గు ఉద్యానాధిపతియైన మెల్చియార్ ట్రూబ్ 1886లో ఆ దీవిపై దిగినప్పుడు, బూడిదపైనను నురుగురాతిపైనను జిగురువంటి పలుచని పొర పరచుకొనియుండుటయు, దానిని ఆధారము చేసికొని 11 జాతుల ఫెర్నులు మొలచుటయు చూచెను. ఆ పొర నీలహరిత శైవలములది. అగ్నిపర్వతపు బూడిదలో పొటాషియము, భాస్వరము మొదలగునవి ఎంతో కొంత యుండును, లేనిది నత్రజని. నీటిని నిలుపు జిగురుతోపాటు ఆ నత్రజనిని కూడ గాలినుండి గొని తెచ్చునవి ఈ శైవలములలో పెక్కులు. ట్రూబు కాలమున ఈ రెండవ సంగతి తేలలేదు.

తరువాతి కాలమున వరిమడిలోను అది తేలినది. గత్తము చాలనిచోట్ల సైతము నీరు నిలిచిన మడి యేటేటా అంతో యింతో పంట నిచ్చుచునే యుండుట మన రైతులకు కొత్త కాదు. వంశధార యొండ్రుమట్టి మహిమయనియు, చెరువుమట్టి బలమనియు చెప్పుకొందురు, అందును అసత్యము లేదు. కాని ఢాకా విశ్వవిద్యాలయమునకు చెందిన పి.కె. దే, వరిమడులనుండి శైవలములను వేరుచేసి శుద్ధముగా పెంచి, నత్రజని స్థిరీకరణము వాటి పనియేనని 1939లో ప్రకటించెను. పూసలదండవంటి యీ జీవి తంతువున నడుమనడుమ కొంచెము పెద్దవైన మందపు గోడల కణములుండును. ప్రాణవాయువు చొరబడకుండ కాపాడబడిన యా గదులలోనే యీ పని జరుగును.

నరసన్నపేటనుండి జలుమూరు, శ్రీముఖలింగముల వైపు పోవు దారిలో ఉభాలైన కొద్దినాళ్లకు ఏ మడిగట్టున నిలిచినను ఈ శైవలమును చూడవచ్చును. ఉదయమున మడి యడుగున బురదకంటుకొనియున్న పొర, ఎండ ముదిరినకొలది తన బుడగలచేతనే తేలి, చాపవలె పైకివచ్చి, గాలి తోసినవైపునకు జరిగి మూలను కుప్పపడును. కోతలైన తరువాత ఎండి, అంచులు చుట్టుకొన్న కాగితపు ముక్కలవలె నేలపై పడియుండి, తొలకరికి మరల ప్రాణము పోసికొనును. రైతులు దీనిని పాచి యని తోసివేయుట, లేత మొక్కలు దానిక్రింద పడి కుళ్లునేమోయను భయమున; ఆ భయము పూర్తిగా నిరాధారము కాదు.

కాశీ విశ్వవిద్యాలయములోని ఆర్.ఎన్. సింగ్ 1950లో, చవుడుపట్టిన భూములను సైతము ఈ శైవలములచే సాగుకు తేవచ్చునని చూపెను. ఢిల్లీ వ్యవసాయ పరిశోధన సంస్థలోని జి.ఎస్. వెంకట్రామన్ తదనంతరము, లోతు తక్కువ గుంటలలో మట్టియు సూపర్‌ఫాస్ఫేటును వేసి నీరు నింపి, పాచిని పెంచి ఎండబెట్టి, హెక్టారుకు సుమారు 10 కిలోలు చల్లు పద్ధతిని ప్రచారము చేసెను. ఒక పంటకాలములో హెక్టారుకు 20 నుండి 30 కిలోల నత్రజని దీనివలన సమకూరునని అంచనా. ఈ లెక్కను చూచి యూరియా బస్తా నవతల పెట్టినవా రంతమంది లేకపోవుటకు కారణము రైతుల మౌఢ్యము కాదు: మడిలో భాస్వరము తగ్గినచో పాచి పెరుగదు, నీటినత్తలును చిరుపురుగులును దానిని మేసివేయును, పైగా యూరియా పడిన మడిలో ఆ మందపు గోడల గదులు ఏర్పడుటయే తగ్గిపోవును.